దానవస్తువునకు ధర యెంత?

ఉచితముగా వచ్చిన వస్తువును ధర్మము పేర విక్రయించునప్పుడు ఎంత వెల పెట్టుట న్యాయము? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని విప్పి చూచినకొలది దాత మనస్సు, కొనువాని అవసరము, అంగడి నడుపువారి బాధ్యత, ఎక్కడనో దూరమున నున్న ఆర్తుని ఆకలి, ఈ నాలుగును అందు ముడివడి యున్నట్లు తెలియును. ఒకరికి మేలు చేయబోయి మరియొకరికి తలుపు మూయుట జరుగుచున్నదా యను సందేహమే ఈ పాఠమునకు మూలము.

బ్రిటన్ దేశమున ఈ ప్రశ్న నేడు ఇంటింట వినబడుచున్నది. ఆ దేశమున ఛారిటీ షాపులు అనబడు అంగళ్లు సుమారు 10 వేలు గలవు. గృహస్థులు తాము వాడి విడిచిన బట్టలు, పుస్తకములు, పాత్రలు, బొమ్మలు, కుర్చీలు అచ్చట ఇచ్చివేయుదురు. వానిని అమ్మగా వచ్చిన సొమ్ము వ్యాధిగ్రస్తులకో, అనాథలకో, కరవు పీడితులకో వెచ్చింపబడును. ఈ వ్యాసమున వానిని ధర్మపు అంగళ్లు అని పిలుచుట సుకరము. హైదరాబాదు, విజయవాడ, గుంటూరుల నుండి బ్రిటనుకు, అమెరికాకు చదువులకై వెళ్లిన మన పిల్లలలో అనేకులు తమ మొదటి చలికోటును, వంటగిన్నెను ఇట్టి అంగళ్లలోనే కొనుచున్నారు. కావున ఈ విషయము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ధర్మపు అంగడి పుట్టుక

ఈ అంగళ్ల చరిత్రలో రెండు ధారలు కనబడును. ఆ రెంటిని వేరుచేసి చూడనిచో ధరను గూర్చిన తగవు అర్థము కాదు.

మొదటి ధార అమెరికాలో బోస్టన్ నగరమున కలదు. 1902వ సంవత్సరమున ఎడ్గార్ హెల్మ్స్ అను మెథడిస్టు మతబోధకుడు ధనికుల ఇండ్లకు గోనెసంచులతో వెళ్లి పాత వస్తువులు సేకరించెను. వానిని బాగుచేయుటకు పనిలేని పేదలనే నియమించెను. బాగుపడిన వస్తువులను పేదలకు అందుబాటు ధరకు అమ్మించెను. ఇదియే తరువాత గుడ్‌విల్ అను పెద్ద సంస్థగా ఎదిగినది. ఇందు వస్తువును బాగుచేయువాడు పేదవాడే, కొనువాడును పేదవాడే. చౌకగా అమ్ముట అచ్చట ధర్మములో ఒక భాగము.

రెండవ ధార ఇంగ్లండుది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లో, రెడ్‌క్రాస్ సంస్థ లండన్ నగరమున కానుకవస్తువులను అమ్ము అంగడిని తెరచినది. గాయపడినవారి సేవకు ధనము కూర్చుట దాని ఉద్దేశము. 1942లో, శత్రువుల ఆక్రమణలో ఆకలితో అలమటించుచున్న గ్రీసు దేశ ప్రజలకు సహాయమందింపవలెనని ఆక్స్‌ఫర్డ్ పట్టణపు పెద్దలు కొందరు ఒక సంఘమును స్థాపించిరి. నేడు ఆక్స్‌ఫామ్ అని పిలువబడునది అదియే. ఆ సంఘమునకు వచ్చిన కానుకలు అవసరమునకు మించుటచే, 1940ల చివర అదే పట్టణమున బ్రాడ్ స్ట్రీటులో వారొక అంగడిని నెలకొల్పిరి. అచ్చట కొనువాడు పేదవాడు కానక్కరలేదు. ధనికుడు హెచ్చు వెల యిచ్చి కొన్నచో దూరదేశమున ఆకలిగొన్నవానికి ఇంకొక ముద్ద హెచ్చుగా దొరకును. ఎక్కువ ధరకు అమ్ముట అచ్చట ధర్మములో ఒక భాగము.

రూపమున రెండును ఒకే విధమైన అంగళ్లు. కిటికీలో అవే చొక్కాలు, అవే పింగాణి కప్పులు. కాని ఒకటి కొనువానిని ఉద్ధరించుటకు పుట్టినది. ఇంకొకటి కొనువాని ద్వారా మరియొకని ఉద్ధరించుటకు పుట్టినది. నేటి అంగళ్లు ఈ రెండు పనులను కలిపి చేయుచున్నవి. కొనవచ్చినవాడు మొదటి ధారను తలచుచు లోనికి వచ్చును. నడుపువాడు రెండవ ధారను తలచుచు వెలచీటీ వ్రాయును. తగవు అచ్చట మొదలగును.

వెల హెచ్చినదను వాదము

ధరలు మితిమీరినవని చెప్పువారి మాటలను ముందు శ్రద్ధతో వినవలెను.

మొదటిది, వస్తువు ఉచితముగా వచ్చినది. విజయవాడ లెనిన్ సెంటరులోగాని, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారము కాలిబాటపై గాని పాత పుస్తకములు అమ్మువాడు వానిని డబ్బిచ్చి కొని తెచ్చును. అతడు లాభము వేసికొనుట సహజము. ధర్మపు అంగడికి కొనుగోలు ఖర్చే లేదు కదా!

రెండవది, కొత్తది ఇంతకంటె చౌక. నేడు పెద్ద వస్త్రశాలలు కారుచౌకగా కొత్త బట్టలు అమ్ముచున్నవి. అట్టి అంగడిలో నాలుగు పౌండ్లకు కొన్న చొక్కాను ఒకరు ఏడాది తొడిగి దానము చేసిరనుకొందము. దానికే ధర్మపు అంగడిలో నాలుగున్నర పౌండ్ల చీటీ కనబడినచో చూచినవారికి ఆశ్చర్యము కలుగకుండునా?

మూడవది, మంచి వస్తువు అరమీదికి రాకముందే పక్కకు తీయబడుచున్నది. పేరున్న సంచి, వెండి చెంచా, పాత గ్రంథపు తొలి ముద్రణ, ఇట్టివి అంతర్జాలమున వేలమునకు పోవుచున్నవి. అమెరికాలోని గుడ్‌విల్ వారు 1999 నుండియు ఇట్టి వేలము నడుపుచున్నారు. ఊరిలోని పేదవానికి మిగిలినది మిగులుచున్నది.

నాలుగవది అన్నిటికంటె బరువైనది. ఒకప్పుడు పాతబట్ట తొడుగుట పేదరికమునకు గుర్తు. నేడు స్థితిమంతుల పిల్లలు సరదాకై పాతబట్టలు వెదకుచున్నారు. వారు ఇవ్వగల ధరను చూచి అంగడి వెల పెంచినచో, నిజముగా అవసరమున్న తల్లి బిడ్డకు చలికోటు కొనలేక వట్టిచేతులతో వెనుదిరుగవలసి వచ్చును. ఆమె ఎదుటనున్నది ధర్మము పేరు గల తలుపు. ఆ తలుపే మూసికొన్నచో ఆమె మరెచ్చటికి పోవును?

అంగడివారి సమాధానము

అంగడివారి మాటలలోను సత్యము లేకపోలేదు. దానముగా వచ్చిన వస్తువు అమ్మకమునకు సిద్ధమైన వస్తువు కాదు. సంచి విప్పవలెను. చినిగినవి, మరకలున్నవి వేరు చేయవలెను. మిగిలినవానికి ఆవిరి పట్టి, వెల కట్టి, వ్రేలాడదీయవలెను. విద్యుత్తుతో నడచు వస్తువును పరీక్షింపనిదే అమ్మరాదు. మెత్తలున్న కుర్చీకి, మంచమునకు నిప్పంటుకొనని గుణము గలదను చీటీ లేనిచో బ్రిటన్ చట్టము ఒప్పుకొనదు. రాత్రివేళ తలుపు ముందు పడవేసిపోయిన సంచులు వానలో తడిసి చెడినచో ఆ చెత్తను తీయించుటకును అంగడియే డబ్బు చెల్లింపవలెను. అద్దె, దీపములు, భీమా, నిర్వాహకుని జీతము వీనికి తోడగును. వేతనము లేక పనిచేయు స్వచ్ఛందసేవకులు లేనిచో అనేకమైన అంగళ్లు మూతపడును. కావున వస్తువు ఉచితమైనను దానిని అరమీద నిలుపుట ఉచితము కాదు.

వెల మరీ తక్కువైనచో జరుగు కీడును వారు చూపుదురు. విలువ తెలియక ఒక అరుదైన గ్రంథమును రెండు పౌండ్లకు అమ్మినచో, దానిని కొనునది చాలమార్లు పేదవాడు కాదు, తెలిసిన వర్తకుడు. అతడు మరునాడే దానిని అనేక రెట్లకు అమ్ముకొనును. దాత ఇచ్చినది రోగి కొరకు. చేరినది వర్తకుని సంచిలోనికి. ఇట్లు అమ్ముట ఔదార్యము కాదు, అజాగ్రత్త. ఆక్స్‌ఫామ్ వారు 1987లో ఆక్స్‌ఫర్డ్‌లోనే కేవలము పుస్తకములకై ప్రత్యేకమైన అంగడిని తెరచుటకు కారణము గ్రహింపదగినది. పుస్తకమెరిగినవాడు వెల కట్టిననే పుస్తకమునకు న్యాయము జరుగును.

ఇంకొక మార్పును జరిగినది. మునుపు మంచి వస్తువును ఇచ్చివేయువారు నేడు తామే అంతర్జాలమున అమ్ముకొనుచున్నారు. దానమునకు వచ్చువానిలో నాసిరకము బట్టలు పెరుగుచున్నవి. ఖర్చులు పెరిగి, సరకు తరిగినప్పుడు వెలలు హెచ్చుట వర్తకమున సహజమే.

ప్రజలు కూడ దాతలే

ఐతే ఈ అంగళ్లు సామాన్య వర్తకుల వంటివి కావు. అందులకు చట్టమే సాక్షి. బ్రిటన్‌లో దానవస్తువుల అమ్మకముపై విక్రయపు పన్ను సున్న. అదే కొత్త వస్తువులు చాలవానిపై నూటికి 20 వంతులు. ఇంగ్లండు, వేల్సులలో ముఖ్యముగా దానవస్తువులే అమ్ముచు, ఖర్చులు పోగా మిగిలినది ధర్మకార్యమునకే వినియోగించు అంగడికి స్థానికపు పన్నులో నూటికి 80 వంతులు చట్టరీత్యా తగ్గింపబడును. మిగిలిన 20 వంతులును తగ్గించు అధికారము స్థానిక సంస్థకు కలదు. దాత ఆదాయపు పన్ను చెల్లించువాడై, తన వస్తువును తన పక్షమున అమ్ముమని సంతకము చేసినచో, అమ్మగా వచ్చిన ప్రతి పౌండునకు ప్రభుత్వము మరి 25 పెన్నీలు చేర్చును. అనగా ఒక కోటు దాతకు చేరవలసిన 8 పౌండ్లు తెచ్చి, అతడు దానిని ధర్మమునకు విడిచినచో, ధర్మమునకు 10 పౌండ్లు అందును.

దీని భావమేమి? అంగడికి వస్తువునిచ్చినవాడొక్కడే దాత కాడు. పన్ను విడిచిన ప్రజలందరును దాతలే. పక్కనున్న చిన్న వర్తకుడు పూర్తిగా పన్ను కట్టి, సరకు కొని, పోటీ పడుచున్నాడు. అతనికి లేని మినహాయింపును పొందిన అంగడి అతనికి లేని బాధ్యతను మోయవలసి యున్నది. వెల ఎందుకింత అని కొనువాడు అడిగినప్పుడు "ఇష్టమున్న కొనుము, లేకున్న పొమ్ము" అనుట సామాన్య వర్తకునకు చెల్లునేమోగాని ధర్మపు అంగడికి చెల్లదు.

ఇవ్వవచ్చినవాడు, కొనవచ్చినవాడు

ఇక మన నేలపై నుండి ఒక ఉదాహరణము. దానముగా వచ్చినదానిని అమ్ముట మనకు కొత్త కాదు. తిరుమలలో భక్తులు స్వామికి సమర్పించిన వస్త్రములను దేవస్థానమువారు వేలము వేయుదురు. బెజవాడ కనకదుర్గమ్మకు వచ్చిన చీరలు భక్తులకే అమ్మబడును. హైదరాబాదు శివారులోని బాలాపూరు వినాయకుని 21 కిలోల లడ్డు కథ అందరెరిగినదే. 1994లో ఆ లడ్డు వేలమున 450 రూపాయలకు పోయినది. 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలకు, 2025లో 35 లక్షలకు పోయినది. పిండి, చక్కెర, నెయ్యి లెక్కించినచో ఆ ధరలో ఎన్నవ వంతు? ఐనను "లడ్డుకు ఇంత వెలయా, అన్యాయము" అని ఎవ్వరును ఫిర్యాదు చేయరు.

కారణము స్పష్టము. అచ్చట పాడువాడు లడ్డు కొరకు రాలేదు, ఇచ్చుటకు వచ్చినాడు. ధరయే అతని కానుక. ఆ సొమ్ము ఊరి పనులకు వినియోగమగునని అతనికి తెలియును. ఆకలితో లడ్డు కొనవచ్చి వెల విని వెనుదిరిగినవాడు ఆ గుంపులో లేడు.

ధర్మపు అంగడి తలుపు తెరచికొని వచ్చువారును ఈ రెండు తరగతులవారే. ఒకడు ఇవ్వవచ్చినవాడు. అతనికి అరుదైన పింగాణి పాత్రయో, పాత గ్రామఫోను రికార్డో కావలెను. హెచ్చు వెల యిచ్చుట అతనికి భారము కాదు. ఇంకొకరికి మేలు జరుగునను తృప్తియు కలుగును. రెండవవాడు కొనవచ్చినవాడు. అతనికి బిడ్డ బడిచొక్కా, దుప్పటి, చలికోటు, అన్నము వండుకొను గిన్నె కావలెను. అతని యొద్ద అధిక ధర తీసికొనుట ఒక పేదవాని జేబునుండి తీసి మరియొక పేదవానికి పెట్టుటయే. అది దానము కాదు, పేదలపై వేసిన పన్ను.

కనుక "వెల హెచ్చా, తక్కువా" అని అంగడి మొత్తమునకు ఒకే తీర్పు చెప్పుట పొరపాటు. ఏ వస్తువునకు, ఏ కొనువానికి అని అడుగవలెను. అరుదైన వస్తువునకు పూర్తి విలువ కట్టుట ధర్మము. అవసరపు వస్తువునకు అదే కొలత వాడుట అధర్మము. రెండు కొలతలుండుట అన్యాయము కాదు. ఒకే కొలత పెట్టుటయే అన్యాయము.

లక్కమ్మ నేర్పిన కొలత

ఎంత అయినచో ఎక్కువ అను ప్రశ్నకు శరణుల చరిత్రలో ఒక ఇల్లాలు ఇచ్చిన సమాధానము మన కుటుంబములకు సుపరిచితమే. కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమారాధన చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యముకంటె హెచ్చు బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఇంటికేల యని ప్రశ్నించి, హెచ్చుభాగమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. ఆ గింజలు ఎవ్వరి యొద్దను దొంగిలించినవి కావు. ఉచితముగా రాలినవి. వినియోగమును దాసోహమునకే. ఐనను లక్కమ్మ "ఉచితముగా దొరకినది కదా" యనలేదు, "మంచిపనికే కదా" యనలేదు. నేడు ధర్మపు అంగళ్లు వెలను సమర్థించునప్పుడు చెప్పు రెండవ మాట, ధరలు విమర్శించువారు చెప్పు మొదటి మాట, రెండును ఆమె కొలతకు నిలువవు. మంచిపని పేరు చెప్పి హెచ్చుగా తీసికొనుటయు తగదు. ఉచితముగా వచ్చినదని దాని వెనుకనున్న శ్రమను మరచుటయు తగదు. అవసరమే ఆమె కొలత.

దాసోహమను మాటలో మరియొక భావము కలదు. ఇచ్చువాడు "నేను ఇచ్చుచున్నాను" అను అహమును విడుచుట. దాత వస్తువును, సేవకుడు శ్రమను, కొనువాడు ధనమును ఇచ్చుచున్నప్పుడు, అందరిని కలుపు అంగడి తాను యజమానినని కాక, నడుమ నిలిచిన దాసునిగా భావించినచో వెలచీటీ వ్రాయు చేయి కొంత ఆలోచించును.

న్యాయమైన వెలకు మార్గములు

ఐనచో ఉచితముగనే పంచిపెట్టరాదా యని కొందరు అడుగుదురు. అన్నివేళల అది మేలు కాదు. చిన్న వెల యిచ్చి కొన్నవాడు తనకు నచ్చినది ఏరుకొనును, నచ్చనిది విడుచును, తల ఎత్తుకొని ఇంటికి పోవును. ఉచితముగా పుచ్చుకొనువానికి ఎంపిక ఉండదు. చేయి చాచిన బాధ మిగులును. చిన్న వెల మర్యాదను కాపాడును. పెద్ద వెల తలుపు మూయును. ఈ రెంటి నడుమ దారి వెదకవలెను. అట్టి మార్గములు కొన్ని ఆచరణలో గలవు.

మొదటి మార్గము, అవసరపు వస్తువులను వేరుచేయుట. పిల్లల బట్టలు, చలిదుస్తులు, దుప్పట్లు, వంటపాత్రలు ఒక అరలో నుంచి, అదే విధమైన చౌక కొత్త వస్తువు వెలలో సగమునకు మించరాదని నియమము పెట్టుకొనవచ్చును. అరుదైనవి, అలంకారవస్తువులు వేరొక అరలో పూర్తి వెలకు ఉండవచ్చును. అంతర్జాలమున చూచి వెల కట్టునప్పుడు అమ్మువారు అడుగుచున్న ధర వేరు, నిజముగా అమ్ముడుపోయిన ధర వేరు అను తెలివి యుండవలెను.

రెండవ మార్గము, కాలముతోపాటు వెల తగ్గించుట. గుడ్‌విల్ అంగళ్లు అనేకములలో చీటీలు రంగురంగులుగా నుండును. వారమునకొక రంగు చీటీ గల వస్తువులు తగ్గింపు ధరకు పోవును. అమ్ముడుపోక మిగిలినవానిని తొట్లలో పోసి బరువు లెక్కన అమ్ము శాలలు వేరుగా గలవు. తొందర లేనివాడు వేచియుండి చౌకగా కొనగలడు.

మూడవ మార్గము, కొనలేనివానికి వేరు ద్వారము. 1833లో పారిస్ నగరమున పుట్టిన సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీవారు తమ అంగళ్లు గల అనేక స్థలములలో నిరుపేద కుటుంబములకు చీట్లు ఇచ్చుదురు. ఆ చీటీ చూపి, డబ్బిచ్చి కొనువానివలెనే అరలమధ్య తిరిగి కావలసినది తీసికొనవచ్చును. మర్యాదయు నిలుచును, అవసరమును తీరును.

నాలుగవ మార్గము మన దేశముది. 1999లో అంశు గుప్త ఢిల్లీలో స్థాపించిన గూంజ్ సంస్థ పట్టణములలోని పాతబట్టలను సేకరించి పల్లెలకు పంపుచున్నది. అచ్చట వానికి ధనరూపమున వెల లేదు. గ్రామస్థులు తమ ఊరికి కావలసిన బావి త్రవ్వుకొందురు, బాట వేసికొందురు, చెరువు బాగుచేసికొందురు. ఆ శ్రమకు గౌరవముగా బట్టల మూట పుచ్చుకొందురు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరమున దాతలు పంపిన పనికిరాని బట్టలు గుట్టలుగా పడియుండెను. వానిని ఏరి వినియోగములోనికి తెచ్చుటలో ఈ సంస్థ పాల్గొన్నది. అంశు గుప్తకు 2015లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. వెలను ధనముతోనే కాక శ్రమతోను చెల్లింపవచ్చునని ఈ పద్ధతి చూపినది. కాయకమున నమ్మకము గలవారికి ఇది వెంటనే బోధపడును.

ఐదవ మార్గము అన్నిటికి పునాది. లెక్క గోడమీద నుండవలెను. అమ్మిన ప్రతి పౌండులో, లేక రూపాయిలో, అద్దెకు ఎంత, జీతములకు ఎంత, ధర్మమునకు ఎంత చేరినదో పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టినచో సగము తగవు అచ్చటనే తీరును. బాలాపూరులో ఫిర్యాదు లేకుండుటకు సొమ్ము పోవు దారి అందరికి తెలియుటయు ఒక కారణమని మరువరాదు.

వెల మితిమీరినచో జరుగు నష్టము కొనువానికే పరిమితము కాదు. కొన్ని వారములు వ్రేలాడి అమ్ముడుపోని బట్ట అరనుండి దిగిపోవును. పాతబట్టల వర్తకుడు దానిని కిలోల లెక్కన కొనును. ఆరు పౌండ్ల చీటీ గల ఉన్నికోటు అచ్చట ఒక పౌండు కంటె ఎంతో తక్కువ పలుకును. అట్టి ఉన్నిబట్టలు కొన్ని సముద్రము దాటి మన హర్యానాలోని పానిపట్టు చేరును. అచ్చట వానిని చీల్చి, నూలు తీసి, చౌక కంబళ్లు నేయుదురు. అది మంచిపనియే. కాని చలిలో వణకుచు ఆ కోటును చూచి, వెల చదివి వెళ్లిపోయిన తల్లి దానిని రెండు పౌండ్లకు సంతోషముగా కొనియుండెడిది. ఆమెకు కోటును దక్కలేదు; ధర్మమునకు రెండు పౌండ్లును దక్కలేదు. మితిమీరిన వెల అధర్మమే కాక, వర్తకదృష్టితో చూచినను నష్టమే.

మన ఇండ్లకు, మఠములకు

మన ఇండ్లలో పాతబట్టకు వెల లేకపోలేదు. వీధిలోనికి స్టీలు సామాను తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చు అమ్మితో ఇల్లాలు బేరమాడి, నాలుగు చీరలకు ఒక బేసిను తీసికొనుట నిన్నటి మొన్నటి వరకు ప్రతి ఊరను ఉన్నదే. మెత్తబడిన చీరలతో బొంత కుట్టుకొనుటయు ఉన్నదే. పాతబట్టను బేరములో పెట్టినప్పుడు దాని విలువ గుర్తుంచుకొన్న మనము, దానము చేయునప్పుడు మరచి, చినిగినదానిని, గుండీలు లేనిదానిని మూటగట్టుట ఎంతవరకు సమంజసము? వదలించుకొనుట వేరు, ఇచ్చుట వేరు. ధర్మపు అంగడిలో వెల పెరుగుటకు పనికిరాని దానములును ఒక కారణము. ఏరి పారవేయు ఖర్చు మంచి వస్తువు వెలపై పడును.

కావున ఇచ్చు గృహస్థులు బట్టను ఉతికి, గుండీలు కుట్టి, చెప్పులను జతగా కట్టి ఇవ్వవలెను. తాము మరల తొడుగుటకు సంకోచించుదానిని ఇతరులకు ఇవ్వరాదు. ఇచ్చునప్పుడు ఇది అమ్ముదురా, పంచుదురా, వచ్చిన సొమ్ము ఎచ్చటికి పోవును అని మర్యాదగా అడుగుట దాత హక్కు. ఇచ్చిన తరువాత వస్తువుపై మమకారము విడుచుట దాత ధర్మము.

మఠములు, సంఘములు పాత పుస్తకములు, బట్టలు, పాత్రలు సేకరించి అమ్మదలచినచో మొదటనే ఒక నిర్ణయము చేసికొనవలెను: ఈ అమ్మకము నిధి కొరకా, పేదల సౌకర్యము కొరకా? రెండును ఐనచో ఏ వస్తువు దేనికి? విద్యార్థికి కావలసిన పాఠ్యపుస్తకమును, సేకరించువానికి కావలసిన పాత గ్రంథమును ఒకే ధరకట్టలో చేర్చరాదు. వెల నిర్ణయించు పనిని ఒకరికే విడువక ఇద్దరు ముగ్గురికి అప్పగించుట, వారిలో ఒకరైనను అట్టి అంగడిలో అవసరార్థము కొనిన అనుభవము గలవారై యుండుట మేలు.

సారాంశము

దానవస్తువునకు వెల పెట్టుట తప్పు కాదు. దాని వెనుక శ్రమయు, ఖర్చును, ఆర్తుని ఆశయు కలవు. ఐనను ధర్మపు అంగడి వెల హెచ్చినదా లేదా యను దానికి పరీక్ష సంతబజారు ధర కాదు. ఆ వెల చూచి అవసరమున్నవాడు లోనికి రాగలుగుచున్నాడా, ఇవ్వగలిగినవాడు పూర్తిగా ఇచ్చుచున్నాడా, వచ్చినది ఎచ్చటికి పోయినదో అందరికి తెలియుచున్నదా? ఈ మూడింటికి అవునని చెప్పగల అంగడిలో ఏ చీటీపై ఎంత వ్రాసియున్నను అది న్యాయమే.

మననము కొరకు ప్రశ్నలు

1. గుడ్‌విల్, ఆక్స్‌ఫామ్ అంగళ్ల పుట్టుకలోని భేదమేమి? ఆ భేదము నేటి ధరల తగవునకు ఎట్లు కారణమైనది?

2. బాలాపూరు లడ్డు వేలమునకు, చలికోటు అమ్మకమునకు గల తారతమ్యమును వివరింపుడు.

3. "ఉచితముగా వచ్చినది" అను మాటను, "మంచిపనికే కదా" అను మాటను లక్కమ్మ కొలతతో పరీక్షింపుడు.

4. పన్ను మినహాయింపు పొందిన అంగడికి సామాన్య వర్తకునకు లేని బాధ్యతలు ఏవి?

5. ఈ మాసము మీ ఇంట ఇవ్వదగిన వస్తువులను ఏరి రెండు భాగములు చేయుడు: అవసరమునకు పనికివచ్చునవి, నిధికి పనికివచ్చునవి. ఒక్కొక్కటి ఎవరి చేతికి చేరవలెనో కుటుంబములో చర్చింపుడు.